ల్యాప్‌టాప్ ప్రాసెసర్, సర్వర్ ప్రాసెసర్: పక్కపక్కన పెట్టి కొలవడం ఎలా?

కొన్నేళ్ళ క్రితం మా టీమ్ బిల్డ్ పనిని (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే పనిని) ల్యాప్‌టాప్‌ల మీద నుంచి పెద్ద సర్వర్ మీదకు మార్చాం. మొదటి రాత్రే బిల్డ్ నా ల్యాప్‌టాప్ కంటే ఆలస్యంగా ముగిసింది. నెట్‌వర్క్‌ను అనుమానించాం, డిస్క్‌ను అనుమానించాం. రెండు రోజులు వెతికాక అసలు సంగతి బయటపడింది. సమయమంతా తింటున్నది చివర్లో జరిగే లింకింగ్, అంటే విడివిడిగా తయారైన ముక్కలను ఒకే ప్రోగ్రాంగా అతికించడం. మేం వాడుతున్న లింకర్ ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక విభాగం) మీదే నడిచే రకం. పదుల కోర్లు ఖాళీగా ఉండగా ఒక్క కోరే పని చేస్తోంది, ఆ ఒక్కటీ నా ల్యాప్‌టాప్‌లోని కోర్ కంటే నిదానం.

అప్పటి నుంచి ఎవరైనా "సర్వర్ ప్రాసెసర్ ఎన్ని రెట్లు వేగం?" అని అడిగితే, "దేనికి?" అని ముందు నేనే అడుగుతాను. ఆ ప్రశ్నకు మీ పనికి సరిపోయే జవాబును మీరే కొలిచి తెలుసుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఏం కావాలో తేల్చుకోండి

వేగం అన్న మాటలో రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి, ఒక పని మొదలుపెడితే ఎంతసేపట్లో అయిపోతుందన్నది. రెండోది, గంటలో ఎన్ని పనులు అవుతాయన్నది. పెళ్ళి పందిట్లో ఇరవై పొయ్యిలు వెలిగించినా ఒక్క అట్టు కాలడానికి పట్టే సమయం తగ్గదు. అట్లు మాత్రం ఇరవై రెట్లు వస్తాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను తయారు చేసేవాళ్ళు మొదటిదాని మీద దృష్టి పెడతారు. మీరు ఒక బటన్ నొక్కి ఎదురుచూస్తుంటారు కాబట్టి ఒకట్రెండు కోర్లు క్షణాల్లో పై వేగానికి ఎగబాకాలి. సర్వర్‌కు వందల మంది ఒకేసారి వస్తారు, రోజంతా వస్తూనే ఉంటారు. అందుకే అక్కడ రెండోదానికి పెద్దపీట.

మీ పని ఏ కోవలోకి వస్తుందో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. "రోజూ రాత్రి 40 వేల బిల్లుల పీడీఎఫ్‌లు తయారవ్వాలి" అంటే అది రెండో కోవ. "ఎక్సెల్‌లో పెద్ద షీట్ తెరిస్తే లెక్క వెంటనే రావాలి" అంటే మొదటిది. ఈ వాక్యం లేకుండా మొదలుపెట్టిన పోలిక ఎక్కడికీ చేరదు.

రెండో మెట్టు: కాగితం మీద లెక్క

ఏదీ కొనకుండా, అద్దెకు తీసుకోకుండా స్పెసిఫికేషన్ల నుంచే చాలా తెలుసుకోవచ్చు. ఇందుకు నాకు బాగా నచ్చిన జంట ఏఎండీవారి రెండు చిప్‌లు. ల్యాప్‌టాప్ వైపు 2023లో వచ్చిన రైజెన్ 7 7840యూ, సర్వర్ వైపు 2022 నవంబర్‌లో వచ్చిన ఎపిక్ 9654. రెండింట్లోనూ ఉన్నది జెన్ 4 తరం కోరే. కోర్ డిజైన్ ఒకటే కాబట్టి, దాని చుట్టూ కట్టిన నిర్మాణం వల్ల వచ్చే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

7840యూలో 8 కోర్లు, 16 థ్రెడ్లు (థ్రెడ్ అంటే కోర్ ఒకేసారి నడపగల ఒక పని వరస, ఇక్కడ కోర్‌కు రెండు). గరిష్ఠ క్లాక్, అంటే కోర్ కొట్టుకునే వేగం, 5.1 గిగాహెర్ట్జ్. ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) 16 ఎంబీ. మామూలు టీడీపీ (చిప్‌కు కేటాయించిన విద్యుత్, వేడి హద్దు) 28 వాట్లు. ల్యాప్‌టాప్ తయారీదారు దాన్ని 15 నుంచి 30 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఎపిక్ 9654లో 96 కోర్లు, 192 థ్రెడ్లు. గరిష్ఠ క్లాక్ 3.7, అన్ని కోర్లూ నడిచేటప్పుడు 3.55 గిగాహెర్ట్జ్ వరకు. ఎల్3 క్యాష్ 384 ఎంబీ. టీడీపీ 360 వాట్లు.

ఇప్పుడు భాగహారం చేద్దాం. 360ని 96తో భాగిస్తే కోర్‌కు 3.75 వాట్లు. 28ని 8తో భాగిస్తే 3.5 వాట్లు. అంత పెద్ద సర్వర్ చిప్‌లోనూ, ఇంత చిన్న ల్యాప్‌టాప్ చిప్‌లోనూ కోర్ తలసరి కరెంటు దాదాపు సమానమే. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. సర్వర్ కోర్ ఎక్కువ కరెంటు తాగే బలశాలి కాదు, అలాంటి కోర్లు మందగా ఉన్నాయంతే. ఒక్క కోరే పని చేస్తున్నప్పుడు ల్యాప్‌టాప్ ఆ కోర్‌ను 5.1 వరకు తోస్తుంది, సర్వర్ 3.7 దగ్గర ఆగుతుంది. క్లాక్‌లోనే 38 శాతం తేడా, అదీ ల్యాప్‌టాప్‌కు అనుకూలంగా.

మెమరీ దగ్గర లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎపిక్‌కు 12 మెమరీ ఛానెళ్ళు, అంటే ర్యామ్‌కు వెళ్ళే దారులు. డీడీఆర్5-4800 ర్యామ్‌తో సెకనుకు 460.8 జీబీ బ్యాండ్‌విడ్త్ (డేటా రవాణా వేగం). రైజెన్‌కు డీడీఆర్5-5600తో, రెండు స్లాట్లూ నిండి ఉంటే, 89.6 జీబీ. మొత్తంగా చూస్తే సర్వర్‌ది ఐదు రెట్లు పైనే. కానీ కోర్ తలసరి చూస్తే సర్వర్‌కు 4.8 జీబీ, ల్యాప్‌టాప్‌కు 11.2 జీబీ. పెద్ద పెద్ద డేటాను ర్యామ్ నుంచి లాగుతూ ఉండే పనిని 96 కోర్ల మీదా పరిస్తే, కోర్లు మెమరీ కోసం వరసలో నిలబడాల్సి వస్తుంది.

సర్వర్ దీనికి క్యాష్‌తో జవాబు చెప్పింది. ఎపిక్ 9654 ఒకే సిలికాన్ ముక్క కాదు. కోర్లున్న ముక్కలు 12, ఒక్కోదానిలో 8 కోర్లు, ఆ ఎనిమిదింటికీ కలిపి 32 ఎంబీ ఎల్3. అంటే ఎనిమిది కోర్ల చొప్పున చూస్తే ల్యాప్‌టాప్‌కు ఉన్న 16 ఎంబీకి ఇది రెట్టింపు. మీ పనికి కావాల్సిన డేటా ఆ 32 ఎంబీలో ఇమిడితే సర్వర్ కోర్ తన తక్కువ క్లాక్‌ను కొంత పూడ్చుకుంటుంది.

ఈ కాగితం మీది పోలిక ఒకే కోర్ డిజైన్ ఉన్న చిప్‌ల మధ్యే చెల్లుతుంది. తరాలు మారితే గిగాహెర్ట్జ్‌ను గిగాహెర్ట్జ్‌తో పోల్చకూడదు, ఒక క్లాక్‌లో కోర్ ఎంత పని చేస్తుందన్నది మారిపోతుంది. కోర్ల సంఖ్య దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి. ఇంటెల్ కోర్ ఐ7-1260పీలో 12 కోర్లని రాసి ఉంటుంది గానీ అందులో 4 మాత్రమే వేగానికి కట్టిన పెర్ఫార్మెన్స్ కోర్లు, మిగతా 8 తక్కువ కరెంటుతో నడిచే ఎఫిషియెన్సీ కోర్లు, వీటికి ఒక్కో థ్రెడే. మొత్తం థ్రెడ్లు 16 మాత్రమే కావడానికి కారణం అదే.

మూడో మెట్టు: పని ఎంత వరకు పంచుకోగలదు?

కంప్యూటర్ డిజైనర్ జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం ఈ పోలికకు ప్రాణం. పనిలో పంచుకోలేని భాగం ఎంత చిన్నదైనా చివరికి అదే పగ్గం పట్టుకుంటుంది. మీ పనిలో 90 శాతం కోర్లకు పంచవచ్చు, 10 శాతం వరసగానే జరగాలి అనుకుందాం. ఒక్క కోర్‌తో పోలిస్తే 8 కోర్ల మీద 4.7 రెట్లు వేగం వస్తుంది. 96 కోర్ల మీద 9.1 రెట్లు. కోర్లు పన్నెండింతలు పెంచితే వేగం రెండింతలు కూడా పెరగలేదు. పైగా ల్యాప్‌టాప్ కోర్ క్లాక్ ఎక్కువ, దాన్నీ లెక్కలోకి తీసుకుంటే సర్వర్ ఆధిక్యం ఇంకా కరుగుతుంది. అదే 99 శాతం పంచుకోగల పని అయితే 8 కోర్ల మీద 7.5 రెట్లు, 96 మీద 49 రెట్లు. ఒకే యంత్రం, ఒకే కోర్లు. మారిందల్లా ఆ వరస భాగం 10 నుంచి 1 శాతానికి తగ్గడమే.

మా బిల్డ్ కథలో మందు కూడా ఇక్కడే దొరికింది. లింకింగ్‌ను పలు కోర్ల మీద చేయగల ఎల్‌ఎల్‌డీ లింకర్‌కు మారాక ఆ సర్వర్ పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. ప్రాసెసర్‌ను మార్చే ముందు పని స్వభావాన్ని చూడమని ఇప్పటికీ కొత్తవాళ్ళకు చెబుతుంటాను.

నాలుగో మెట్టు: రెండు యంత్రాలనూ ఒకే తీరున సిద్ధం చేయడం

కొలతలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. రెండింటి మీదా ఒకే లినక్స్ వెర్షన్, ఒకే కంపైలర్ వెర్షన్, ఒకే ఆప్టిమైజేషన్ ఆప్షన్లు ఉండాలి. ల్యాప్‌టాప్ మీద విండోస్, సర్వర్ మీద లినక్స్ పెట్టి కొలిస్తే మీరు ఆపరేటింగ్ సిస్టమ్‌లను కూడా కలిపి కొలుస్తున్నట్టే. విండోస్ తీసేయలేకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేయండి.

ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌కు తగిలించే ఉంచండి. బ్యాటరీ మీద చాలా మోడళ్ళు వేగం తగ్గించుకుంటాయి. రెండు చోట్లా సీపీయూ గవర్నర్‌ను (క్లాక్‌ను నియంత్రించే లినక్స్ సెట్టింగ్‌ను) పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఒక్క స్లాట్‌లోనే ఉందేమో తప్పకుండా చూడండి. ఒక్క స్టిక్ ఉంటే బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది, కొలతంతా వంకరపోతుంది. సర్వర్‌లో కూడా 12 ఛానెళ్ళలో ఎన్ని నిండాయో అడగండి. ఖర్చు మిగుల్చుకోవడానికి నాలుగే నింపిన సర్వర్లు నేను చూశాను.

తర్వాత ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ కొట్టి వచ్చినదంతా ఫైల్‌లో దాచుకోండి. సాకెట్లు (ప్రాసెసర్ చిప్‌లు) ఎన్ని, న్యూమా నోడ్‌లు (కొన్ని కోర్లు, వాటికి దగ్గరి ర్యామ్ కలిసిన గుంపులు) ఎన్ని, క్యాష్ ఎంత, ఒకే ఆదేశంతో చాలా సంఖ్యలను లెక్కించే ఏవీఎక్స్2, ఏవీఎక్స్-512 ఉన్నాయా అన్నీ అందులో ఉంటాయి.

ఒక మాట, గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. ఇది చాదస్తం కాదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద కొలిచిన ల్యాప్‌టాప్‌కూ, చల్లని సర్వర్ గదిలోని యంత్రానికీ మధ్య పోలిక ప్రాసెసర్ల పోలిక కాదు. చిప్‌లోని వేడి బయటి గాలిలోకే పోవాలి, ఆ గాలే 42 డిగ్రీలుంటే ప్రాసెసర్ తన క్లాక్ తగ్గించుకోక తప్పదు. మీరు రోజూ పని చేసేది ఆ వేడిలోనే అయితే ఆ వేడిలోనూ ఒకసారి కొలవండి, అది మీ నిజమైన సంఖ్య. కానీ రెండు సంఖ్యలనూ వేరువేరుగా రాయండి.

అయిదో మెట్టు: ఒక్క కోర్‌తో మొదలుపెట్టండి

ఫైళ్ళను కుదించే సెవెన్‌జిప్‌లో బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) లోపలే ఉంటుంది, థ్రెడ్ల సంఖ్య మనమే చెప్పవచ్చు. ముందు ఒకటి అని చెప్పి నడపండి. టాస్క్‌సెట్ (taskset) కమాండ్‌తో ఆ పనిని ఒకే కోర్‌కు కట్టేస్తే అది కోర్ల మధ్య తిరగకుండా ఉంటుంది. రెండు రకాల కోర్లున్న హైబ్రిడ్ చిప్ అయితే పెర్ఫార్మెన్స్ కోర్ మీద ఒకసారి, ఎఫిషియెన్సీ కోర్ మీద ఒకసారి కొలవాలి. మొదటిసారి వచ్చిన ఫలితాన్ని పక్కన పడేసి, ఆ తర్వాత అయిదుసార్లు నడిపి మధ్యస్థ విలువ తీసుకోండి. అయిదింటి మధ్య తేడా 3 శాతం దాటితే వెనకాల ఇంకేదో నడుస్తోందని అర్థం. అదేంటో కనిపెట్టేదాకా ముందుకు వెళ్ళొద్దు.

ఆరో మెట్టు: మెట్లు ఎక్కినట్టు కోర్లు పెంచండి

అన్ని కోర్లూ ఒకేసారి నడిపి ఒక సంఖ్య రాసుకుంటే చాలనుకుంటారు చాలామంది. నేనైతే 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపు చేస్తూ ప్రతిచోటా కొలిచి గ్రాఫ్ గీస్తాను. ఆ గీత ఎక్కడ వంగుతుందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. భౌతిక కోర్ల సంఖ్య దాటాక వంగడం సహజం. రెండో థ్రెడ్ ఇంకో కోర్ కాదు, ఉన్న కోర్‌లో ఖాళీగా ఉన్న భాగాలను వాడుకునే ఏర్పాటు. దానికన్నా చాలా ముందే వంగితే మెమరీ చాలడం లేదనో, ప్రోగ్రాంలోని లాక్‌ల (ఒకే డేటాను రెండు థ్రెడ్లు ఒకేసారి మార్చకుండా వేసే తాళాల) దగ్గర థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగుతున్నాయనో అనుకోవాలి. ల్యాప్‌టాప్‌లో అయితే వాట్లు అయిపోయి క్లాక్ దిగుతుండవచ్చు. టర్బోస్టాట్ (turbostat) అనే లినక్స్ ప్రోగ్రాం తెరిచి పెట్టుకుంటే క్లాక్, వాట్లు, చాలా చిప్‌లలో ఉష్ణోగ్రత కూడా కళ్ళముందే కదులుతాయి.

రెండు సాకెట్ల సర్వర్ అయితే ఇంకో చిక్కు. మొదటి ప్రాసెసర్‌లోని కోర్, రెండో ప్రాసెసర్‌కు తగిలించిన ర్యామ్‌ను చదవాలంటే దూరం పోవాలి. న్యూమాసీటీఎల్ (numactl) కమాండ్‌తో పనినీ మెమరీనీ ఒకే నోడ్‌కు కట్టి ఒకసారి, కట్టకుండా ఒకసారి కొలవండి. డేటాబేస్‌ల విషయంలో ఈ ఒక్క మార్పుతోనే తేడా కనిపించిన సందర్భాలు నాకున్నాయి.

ఏడో మెట్టు: ముప్పై నిమిషాల పరీక్ష

మొత్తం వ్యాసంలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. ఏదైనా బరువైన పనిని, వీడియో ఎన్‌కోడింగ్ గానీ లినక్స్ కెర్నల్ కంపైల్ గానీ, ఆపకుండా ముప్పై నిమిషాలు నడపండి. మొదటి నిమిషంలో అయిన పనినీ ముప్పయ్యో నిమిషంలో అయిన పనినీ విడిగా రాయండి.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లకు రెండు రకాల విద్యుత్ హద్దులుంటాయి. ఇంటెల్ భాషలో వాటి పేర్లు పీఎల్1, పీఎల్2. కాసేపు పెద్ద హద్దు దాకా పోనిచ్చి, తర్వాత చిన్న హద్దుకు దించుతుంది. ఆ కాసేపు ఎంతన్నది ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయం, చాలాచోట్ల అర నిమిషం అటూఇటూ. సమీక్షల్లో చూసే చిన్న బెంచ్‌మార్క్‌లు ఆ కాసేపట్లోనే ముగిసిపోతాయి, అందుకే స్కోర్లు అంత అందంగా ఉంటాయి. అదే ప్రాసెసర్ పలచటి ల్యాప్‌టాప్‌లో ఒకలా, రెండు ఫ్యాన్లున్న మందపాటి ల్యాప్‌టాప్‌లో ఇంకోలా ప్రవర్తించడానికీ కారణం ఇదే. సర్వర్‌లో గీత దాదాపు చదునుగా ఉంటుంది. రోజుకు 24 గంటలూ ఒకే వేగం ఇవ్వడానికే దాన్ని కట్టారు. ఎక్కువ మంది "సర్వర్ గొప్ప" అని అనుభవంతో చెప్పేది నిజానికి ఈ నిలకడ గురించే.

ఎనిమిదో మెట్టు: మెమరీ

మెమరీ బ్యాండ్‌విడ్త్ కొలవడానికి జాన్ మెకాల్పిన్ రాసిన స్ట్రీమ్ అనే చిన్న ప్రోగ్రాం చాలు. ఇందులో వాడే అర్రే (సంఖ్యల వరస) పరిమాణం క్యాష్ కంటే చాలా పెద్దదిగా ఉండాలి, కనీసం నాలుగు రెట్లు. ల్యాప్‌టాప్‌కు సరిపోయిన పరిమాణాన్నే 384 ఎంబీ క్యాష్ ఉన్న ఎపిక్ మీద వాడితే మీరు ర్యామ్‌ను కాదు, క్యాష్‌ను కొలుస్తారు. కాగితం మీది సంఖ్య పూర్తిగా ఎప్పుడూ రాదు. అందులో సగం కూడా రాకపోతే మాత్రం స్లాట్లు మళ్ళీ చూసుకోండి. బ్యాండ్‌విడ్త్‌తో పాటు రెండు సంగతులు స్కోర్లలో కనిపించవు గానీ నిర్ణయాన్ని మార్చగలవు. సర్వర్‌లలో బిట్ తప్పులు సరిదిద్దే ఈసీసీ ర్యామ్ మామూలు. ఎపిక్ 9004 వరసలో ఒక్కో సాకెట్‌కు 6 టీబీ దాకా ర్యామ్ పెట్టవచ్చు. డేటా మొత్తం ర్యామ్‌లో పట్టడమే మీ అవసరమైతే కోర్ వేగం గురించి వాదించాల్సిన పనే లేదు.

క్లౌడ్ సర్వర్ అయితే

ఇప్పుడు చాలామందికి సర్వర్ అంటే క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్నదే. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచాక ఇక్కడి చిన్న కంపెనీలకు అది ఇంకా దగ్గరైంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది వీసీపీయూ అన్న మాట, అంటే క్లౌడ్‌లో లెక్కకట్టి ఇచ్చే వర్చువల్ ప్రాసెసర్. అమెజాన్‌లో ఇంటెల్ యంత్రాల మీద ఒక వీసీపీయూ అంటే సాధారణంగా ఒక థ్రెడ్, అంటే అర కోర్. వాళ్ళ సొంత గ్రావిటాన్ చిప్‌ల మీద ఒక వీసీపీయూ అంటే పూర్తి కోర్. కాబట్టి 8 వీసీపీయూల ఇంటెల్ యంత్రాన్ని 8 కోర్ల ల్యాప్‌టాప్‌తో పోల్చడం అన్యాయం. మీకు దక్కింది నాలుగు కోర్లే.

అమెజాన్‌లో టీ3 లాంటి చవక యంత్రాలు క్రెడిట్ల మీద నడుస్తాయి. టీ3 మైక్రోలో 2 వీసీపీయూలున్నా ఒక్కోదానికి నిలకడగా దక్కే వాటా 10 శాతమే. ఖాళీగా ఉన్నప్పుడు క్రెడిట్లు పోగవుతాయి, పని వచ్చినప్పుడు ఖర్చవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూ పూర్తి వేగంతో ఒక నిమిషం. క్రెడిట్లున్నప్పుడు అయిదు నిమిషాలు కొలిచి "బాగుంది" అనుకుంటే, తర్వాత వేగమైనా పడిపోతుంది, అన్‌లిమిటెడ్ పద్ధతి ఆన్‌లో ఉంటే బిల్లయినా పెరుగుతుంది. కొలిచేటప్పుడు టాప్ (top) కమాండ్‌లో ఎస్‌టీ (st) అనే అంకెను చూస్తూ ఉండండి. మీకు రావాల్సిన సమయాన్ని కింది హైపర్‌వైజర్ (ఒక యంత్రాన్ని పలువురికి పంచే సాఫ్ట్‌వేర్) వేరేవాళ్ళకు ఇచ్చిందని అది చెబుతుంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేరువేరుగా కొలవడం మంచిది.

బయటి స్కోర్లను చదవడం

యంత్రం చేతిలో లేనప్పుడు ప్రచురించిన స్కోర్ల మీదే ఆధారపడాలి. సర్వర్‌లకు నేను నమ్మేది స్పెక్ సీపీయూ 2017 అనే ప్రామాణిక పరీక్షల సమూహం. అందులో స్పీడ్ అంటే ఒక పని ఎంత త్వరగా అయిందన్నది, రేట్ అంటే ఒకేసారి చాలా ప్రతులు నడిపితే ఎంత పని అయిందన్నది. మనం మొదటి మెట్టులో విడదీసిన రెండు ప్రశ్నలే అవి. గీక్‌బెంచ్ 6 అనే పరీక్షలో మల్టీకోర్ స్కోర్ చూసి సర్వర్‌లను అంచనా వేయొద్దు. 2023లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి కోర్లన్నీ కలిసి ఒకే పనిని పంచుకునేలా పరీక్ష మార్చారు. మామూలు వాడకందారుకు అది సరైన మార్పే గానీ 96 కోర్ల చిప్ సత్తా అందులో బయటపడదు. సింగిల్ కోర్ స్కోర్ మాత్రం పనికొస్తుంది.

పలు పరీక్షల ఫలితాలను ఒక్క సంఖ్యగా కుదించాలనుకుంటే నిష్పత్తులకు గుణమధ్యమం (అన్నిటినీ గుణించి, ఎన్ని ఉంటే అన్నో మూలం) తీసుకోండి. మామూలు సగటు తీస్తే ఏ యంత్రాన్ని ఆధారంగా పెట్టుకున్నారన్న దాన్ని బట్టి విజేత మారిపోవచ్చు.

చివరి మెట్టు: మీ సొంత పని, ఆపై కరెంటు బిల్లు

ఇంతవరకు చేసినవన్నీ కారణాలు తెలుసుకోవడానికి. తీర్పు చెప్పేది మీ సొంత పనే. మొదట కాగితం మీద రాసుకున్న వాక్యం తీయండి. ఆ 40 వేల బిల్లుల్లో ఓ రెండు వేలు తీసుకుని రెండు యంత్రాల మీదా నడపండి. పట్టిన సమయంతో పాటు వాడిన కరెంటునూ రాయండి. ప్లగ్ దగ్గర పెట్టే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది, అది టర్బోస్టాట్ కంటే మేలు, ఎందుకంటే ర్యామ్, ఫ్యాన్లు, పవర్ సప్లై తినేదీ కలిపి చూపిస్తుంది. క్లౌడ్‌లో ఈ అవసరం లేదు, గంటకు ఎన్ని రూపాయలో వాళ్ళే చెబుతారు. వెయ్యి బిల్లులకు ఎన్ని రూపాయలు, ఎన్ని నిమిషాలు అన్న రెండు అంకెలు వస్తే మీ పోలిక పూర్తయినట్టే.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల పాత సర్వర్ ప్రాసెసర్లు కొని ఇంట్లో పెట్టుకోవాలనుకునే విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. వాళ్ళకు ఈ లెక్క ముఖ్యం. 2012 నాటి ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ఈ5-2670లో 8 కోర్లు, 16 థ్రెడ్లు, టర్బో 3.3 గిగాహెర్ట్జ్, టీడీపీ 115 వాట్లు. కోర్ల లెక్కలో మనం చూసిన 7840యూతో సమానం. కానీ క్లాక్ తక్కువ, కోర్ డిజైన్ పదేళ్ళు పాతది, ఏవీఎక్స్2 లేదు. ఆ 115 వాట్లే రోజంతా నడిస్తే 2.76 యూనిట్లు, నెలకు దాదాపు 83 యూనిట్లు. మిగతా భాగాలు తినేది దీనికి అదనం. 28 వాట్ల చిప్ అయితే నెలకు 20 యూనిట్లు. వర్చువల్ మెషీన్లు నేర్చుకోవడానికీ, చవగ్గా ఎక్కువ ఈసీసీ ర్యామ్ వేసుకోవడానికీ ఆ పాత జియాన్ ఇప్పటికీ మంచిదే, వారాంతాల్లో మాత్రమే వెలిగించేవాళ్ళకు మరీ మంచిది. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్ళు మాత్రం కొనేముందు మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, ఆ 83 యూనిట్లు కలిస్తే ఏ స్లాబ్‌లోకి వెళ్తారో చూసుకోండి.